కూలెంట్ తగ్గిపోతోంది, కింద చుక్క కనపడట్లేదు

గురువులూ, మాది 2004 మోడల్ పెట్రోల్ కారు, వారానికి అరలీటరు కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) పోస్తున్నా, పొద్దున్న చూస్తే బండి కింద నేల పొడిగానే ఉంటోంది, మొన్న సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత దాకా పోయింది, భయమేసి ఆపేశాను. మెకానిక్ బానెట్ ఎత్తకుండానే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు. ఏటి చెయ్యమంటారు?

జవాబు 1: చూడకుండా హెడ్ విప్పించకండి బాబూ. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ పాలకాఫీలా ఉందా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లపొగ వస్తోందా? గ్యాస్కెట్ పోతే కనపడే గుర్తులివి. రెండూ లేకపోతే ముందు ప్రెషర్ టెస్ట్ చేయించండి. ఇంజిన్ చల్లారాక రేడియేటర్ మూత తీసి (వేడి మీద తిప్పారో మొహం కాలిపోద్ది) ఆ చోట చేతిపంపు బిగించి, మూత మీద రాసిన ప్రెషర్ దాకా గాలి కొడతారు, ముల్లు దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టే. పాత మూత రబ్బరు కూడా చూడండి.

జవాబు 2: మాకూ ఇదే గొడవ. బీచ్ రోడ్డు పక్కనే పార్కింగు, ఉప్పుగాలికి హోస్ క్లాంపు తుప్పు పట్టేసింది, కారింది కారినట్టు వేడి ఇంజిన్ మీదే ఆవిరైపోయేది. టార్చి వేసి ఎండిన మరకలు వెతకండి. ముందు సీటు కింద కార్పెట్ తడిగా ఉంటే మాత్రం హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) కారుతున్నట్టు.

అడిగినవాడిని: దొరికింది! వాటర్ పంపు కింద చిన్న కన్నం ఉంది కదా, దాని చుట్టూ ఆకుపచ్చ చార. సీలు పోయిందట. రేపు గాజువాక ఆటోనగర్‌లో పంపు మార్పిస్తున్నా.

జవాబు 1: కుళాయి నీళ్ళు పొయ్యనివ్వకండి, డిస్టిల్డ్ వాటర్, కూలెంట్ సగంసగం.