దామగుండం స్టేషన్‌పై లోక్‌సభ ప్రశ్న రెండుసార్లు వెనక్కొచ్చింది, ఏ శాఖకు వేయాలి?

మా నల్లగొండ వైపు ఎంపీ ఒకరికి ప్రశ్నలు రాసిచ్చే పని నాది. విషయం వికారాబాద్ జిల్లా దామగుండం అడవిలో నౌకాదళం పెడుతున్న వీఎల్‌ఎఫ్ (అతి తక్కువ పౌనఃపున్య రేడియో) స్టేషన్. 2024 అక్టోబర్ 15న శంకుస్థాపన అయింది, భూమి సుమారు 2,900 ఎకరాలు. అందరూ రాడార్ అంటున్నారు గానీ అది జలాంతర్గాములకు సందేశాలు పంపే ట్రాన్స్‌మిటర్ కేంద్రం. మూసీ పుట్టేది ఆ పక్క అనంతగిరి గుట్టల్లోనే, వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసేముందు పారేది మా జిల్లాలోంచే. అందుకే ఈ పట్టుదల.

మొదటిసారి రక్షణ శాఖకు, ఆ శాఖ జవాబిచ్చే శుక్రవారం తేదీకి, నక్షత్రం గుర్తు (మంత్రి సభలో నోటితో జవాబిచ్చే) ప్రశ్నగా వేశాం. ట్రాన్స్‌మిటర్ సామర్థ్యం, యాంటెన్నాల సంఖ్య అడిగాను. రహస్య సమాచారమని తీసేశారు. అది నా తప్పే.

రెండోసారి ఆ భాగాలు తీసేసి, నక్షత్రం లేకుండా (రాతపూర్వక జవాబుకు), ఎన్ని చెట్లు కొడతారు, బదులు మొక్కలు ఎక్కడ నాటుతారు, వాగుల మీద ప్రభావం చూశారా అని మూడు ముక్కలు. 150 పదాల లోపే ఉంది, 15 రోజుల నోటీసు గడువూ దాటలేదు. ఈసారి రాష్ట్ర అటవీ శాఖ పరిధిలోని విషయమన్నారు. కానీ అటవీ భూమి మళ్లింపుకు తుది అనుమతి ఇచ్చేది కేంద్రమే కదా!

మూడో నోటీసు కేంద్ర పర్యావరణ శాఖకు, అది జవాబిచ్చే సోమవారం తేదీకి వేసి, అనుమతిలో పెట్టిన షరతులు, వాటి అమలు మాత్రమే అడిగితే నిలుస్తుందా, లేక రక్షణ శాఖకే వేరే మాటల్లో రాయాలా?