బ్లాక్ చేసిన నంబరు బిల్లులో కనిపిస్తుందా?

ప్రశ్న: పోస్ట్‌పెయిడ్ ఐటమైజ్డ్ (ఒక్కో కాల్ విడిగా చూపే) బిల్లులో బ్లాక్ చేసిన నంబరు ఒక్కసారీ లేదు. అంటే అటునుంచి కాల్స్ ఆగిపోయినట్టేనా అండీ?

జవాబు 1: కాదండీ. బిల్లులో వచ్చేవి మీరు చేసిన కాల్స్, డబ్బు పడ్డవి. దేశంలో ఇన్‌కమింగ్ ఉచితం, ఎత్తి గంట మాట్లాడినా అందులో ఎక్కదు. బ్లాక్ చేసిన నంబరుకి మీరే చేస్తే మాత్రం తేదీ, టైము, నిడివితో సహా పడుతుంది. వాట్సాప్ కాల్ అయితే డేటాలో కలిసిపోతుంది, నంబరుండదు.

జవాబు 2: విదేశీ రోమింగ్‌లో జాగ్రత్త! ఫోన్లో బ్లాక్ అంటే నెట్‌వర్క్ ఆపదు, కాల్ హ్యాండ్‌సెట్ దాకా వచ్చి 'బిజీ' అని వెనక్కి పోతుంది. బిజీ అయితే కాల్ వేరే నంబరుకి మళ్లేలా ఫార్వర్డింగ్ పెట్టి ఉంటే ఆ మళ్లింపుకి ఛార్జీ పడొచ్చు. *#67# కొట్టి చూడండి. ఆన్‌లో ఉంటే ##002# కొడితే ఫార్వర్డింగులన్నీ పోతాయి.

ప్రశ్న అడిగినవారు: ఆన్‌లోనే ఉంది, తీసేశాను. థాంక్సండీ.