కౌలు రైతుల మీద ప్రాజెక్టు: గూగుల్ ఫామ్ సరిపోతుందా?

కోనసీమ పిల్ల:
నమస్తే అండి. ఎంఏ సోషియాలజీ చదువుతున్నాను. "కోనసీమలో కౌలు రైతుల సమస్యలు" అని టాపిక్ ఇచ్చేశాను, ఇప్పుడు మెథడాలజీ రాసుకురమ్మంటున్నారు. క్వాలిటేటివ్, క్వాంటిటేటివ్ అని చదివేకొద్దీ టెన్షన్ పెరుగుతోంది. గూగుల్ ఫామ్ చేసి వాట్సాప్ గ్రూపుల్లో పెడితే చాలదా?

రావులపాలెం బాబాయ్:
ఫామ్ నింపేది కౌలు రైతు కాదమ్మా, హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే ఓనరు గారబ్బాయి.

గోదారి గట్టు:
ముందు ప్రశ్న తేల్చుకోమ్మా, మెథడ్ దాన్నిబట్టే వస్తుంది. ఎకరానికి ఎన్ని బస్తాలు కౌలు కొలుస్తున్నారు అన్నది లెక్క, దానికి సర్వే చేయాలి. కౌలు రైతుకి ప్రభుత్వం ఇచ్చే సాగు హక్కు పత్రం ఎందుకు తీసుకోవట్లేదు అంటే మాత్రం కూర్చుని మాట్లాడాల్సిందే, ఎందుకంటే 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం ఆ పత్రం 11 నెలలకే అయినా దానికి ఓనరు ఒప్పుకుని సంతకం పెట్టాలి, పెడితే పొలం చేజారుతుందని ఆయన భయం, అడిగితే వచ్చే ఏడాది పొలం ఇవ్వరేమోనని కౌలు రైతు భయం. అవును, కాదు గళ్లలో ఇది పట్టదు.

ఇంకోటి, పత్రాలున్నవాళ్ల జాబితా తెచ్చుకుని చీటీలు తీసినా నోటిమాట కౌలుదారులు అందులో అసలుండరు. ఒకరి ద్వారా ఇంకొకర్ని పట్టుకోవాలి, దాన్నే స్నోబాల్ శాంప్లింగ్ అంటారు. అదేమో ఒకే పేట చుట్టూ తిరుగుతుంది, కాబట్టి వేర్వేరు పేటల్లో మొదలెట్టు, కాలువ శివారు ఊరు ఒకటైనా ఉండేలా చూసుకో. అలా దొరికినవాళ్ల మీద శాతాలు తీసి కోనసీమంతా ఇంతేనని మాత్రం రాయకు.

"నికరాదాయం ఎంత" అంటే "ఏం మిగుల్తుందమ్మా, గడ్డి" అంటారు. సార్వాకి (వానాకాలం పంట) ఎన్ని బస్తాలయ్యాయి, దాళ్వా (రెండో పంట) వేశారా, ఎరువు ఎవరి దగ్గర అరువు తెచ్చారు, ఇలా విడివిడిగా అడుగు. ఓనరు అరుగు మీద కూర్చుని అడక్కు. రికార్డు చేసే ముందు వాళ్లని అడుగు, నోట్సులో పేర్లొద్దు.

శివారు ఆయకట్టు:
గట్టు గారూ, సర్వేని మరీ అంత పక్కన పెట్టక్కర్లేదండి. ఐదారుగురితో మాట్లాడి, వాళ్ల మాటల్లోంచే ప్రశ్నలు రాసుకుని, ఒకే ఊళ్లో ఇల్లిల్లూ తిరిగితే నోటిమాట కౌలు కూడా లెక్కలోకొస్తుంది. 2011లో కోనసీమ రైతులు పంట వేయకుండా పంట విరామం పెట్టినప్పుడు ఏం చేశారో కూడా అడగమ్మా, అన్నేళ్ల కిందటి మాట కాబట్టి అప్పటి పేపర్లతో సరిచూసుకో.

కోనసీమ పిల్ల:
అయితే పత్రం ఎందుకు తీసుకోవట్లేదన్నదే తీసుకుంటానండి. ఒక్క ఊరే అంటే సారు ఒప్పుకుంటారా?

గోదారి గట్టు:
ఆ ఊరే ఎందుకో రెండు ముక్కలు రాసివ్వు, ఒప్పుకుంటారు. కోతల్లో మాత్రం వెళ్లకు, ఒక్కరూ దొరకరు.