నాన్నగారి పాత ల్యాప్‌టాప్‌లో విండోస్ స్థానంలో ఏది పెట్టాలి?

కోనసీమవాసి:
అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. పదవీ విరమణ చేసిన తెలుగు ఉపాధ్యాయులైన మా నాన్నగారి దగ్గర ఐదో తరం ఐ3 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్‌డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి ఉంది. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 ఎక్కిద్దామంటే అది ఇంత పాత ప్రాసెసరును ఒప్పుకోదు.

ఆయన పనులు ఎక్కువేమీ కావు. కొబ్బరి దింపుల లెక్కలు ఎక్సెల్‌లో రాసుకుంటారు, సాయంత్రాలు యూట్యూబ్‌లో ప్రవచనాలు వింటారు, ఆదివారం మా చెల్లెలితో వీడియోలో మాట్లాడతారు. మిగిలిన సమయమంతా మా ఊరి కాలువ లాకుల గురించి, 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ ప్రాంతం మారిన తీరు గురించి వ్యాసాలు టైపు చేస్తూ ఉంటారు. నేను హైదరాబాదులో ఉంటాను కనుక, ఒకసారి పెట్టి వెళితే మళ్లీ పండగ వరకు నా అవసరం రానిది కావాలి. విండోస్‌కు బదులుగా వాడుకోగల లినక్స్‌లో ఉబుంటు, మింట్, జోరిన్ అనే రకాల పేర్లు విన్నాను. వీటిలో ఆయనకు ఏది నప్పుతుందో చెప్పగలరా?

కాకినాడ ల్యాబు:
నా సలహా లినక్స్ మింట్, అందులోనూ తేలికపాటిదైన ఎక్స్‌ఎఫ్‌సీఈ రూపం. కింద ఎడమ మూల మెనూ, కుడి మూల గడియారం, మధ్యలో తెరిచి ఉన్న ప్రోగ్రాములు కనిపిస్తాయి కనుక విండోస్‌కు అలవాటుపడిన చేయి వెతుక్కోనక్కరలేదు. 2024 జులైలో వచ్చిన 22వ శ్రేణికి 2029 ఏప్రిల్ వరకు భద్రతా అప్‌డేట్లు ఉంటాయి. ఉబుంటు మంచిదే గాని ఎడమ పక్కన నిలువు పట్టీతో దాని అమరిక వేరు. జోరిన్ చూపులకు విండోస్‌కు మరీ దగ్గర, దాని 18వ వెర్షన్‌ను విండోస్ 10 గడువు తీరిన రోజునే విడుదల చేశారు కూడా. అయినా 4 జీబీ ర్యామ్ మీద నేను మింట్‌నే నమ్ముతాను.

అయితే తిరిగే హార్డ్‌డిస్కు ఉన్నంతకాలం ఏది పెట్టినా నత్తనడకే. దాన్ని తీయించి, తిరిగే భాగాలు లేని వేగమైన డిస్కు, అంటే 240 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించి, మింట్‌ను దాని మీద ఎక్కించండి. పాత డిస్కును విండోస్‌తో సహా అలాగే బీరువాలో దాచండి. నాన్నగారికి నచ్చకపోతే మళ్లీ దాన్నే బిగించవచ్చు. వెనక్కి వెళ్లే దారి ఉందని తెలిస్తే పెద్దవారు కొత్తదానికి త్వరగా ఒప్పుకుంటారని మా ఇంట్లోనే చూశాను.

భీమవరం లెక్కలు:
నేను రొయ్యల మేత దుకాణాలకు లెక్కలు రాస్తాను. నేను వాడే లెక్కల ప్రోగ్రాము ట్యాలీ విండోస్ కోసం చేసినది కనుక నేను విండోస్ దాటలేదు, దాటే ఉద్దేశమూ లేదు. మీ నాన్నగారికి ఆ బాధ లేదు గాని, తొందరపడవలసిన పని కూడా లేదు. ఇళ్లలో వాడుకునేవారికి విండోస్ 10 అదనపు భద్రతా అప్‌డేట్లను 2026 అక్టోబరు 13 వరకు ఇస్తున్నారు, అందుకు పేరు నమోదు చేసుకోవాలి. ఇంకొక మాట. పింఛను కోసం ఏటా ఇచ్చే జీవన ప్రమాణ పత్రానికి వేలిముద్ర పరికరాన్ని ఈ ల్యాప్‌టాప్‌కే తగిలిస్తున్నారేమో కనుక్కోండి. అలాగైతే మారేముందు ఆండ్రాయిడ్ ఫోనులో ముఖ గుర్తింపు పద్ధతికి అలవాటు చేయండి.

పాలకొల్లు డీటీపీ:
తెర ఎలా కనిపిస్తుందనేది రెండు రోజుల్లో అలవాటవుతుంది. అసలు సంగతి ఇంకా ఎవరూ అడగలేదు. నాన్నగారు తెలుగు టైపు చేసేది అను ఫాంట్లలోనా, యూనికోడ్‌లోనా?

కోనసీమవాసి:
ఇప్పుడే ఫోన్ చేసి అడిగాను. తెలుగు టైపుకు అను స్క్రిప్ట్ మేనేజర్ అనే ప్రోగ్రాము, అందులో ఆపిల్ అనే కీబోర్డు అమరిక, పేజీలు కూర్చడానికి పేజ్‌మేకర్ అని చెప్పారు. వ్యాసాలు 200 పైచిలుకు ఉన్నాయట. "అక్షరాల చోట్లు మారిస్తే నేను రాయడమే మానేస్తాను" అని కూడా అన్నారు.

పాలకొల్లు డీటీపీ:
నేను భయపడింది అదే. అను స్క్రిప్ట్ మేనేజర్ విండోస్ సరుకు. అను ఫాంటులో మనకు "క" అని కనిపించేది కంప్యూటరు దృష్టిలో తెలుగు అక్షరమే కాదు. ఇంగ్లిషు అక్షరాలకూ గుర్తులకూ కేటాయించిన చోట్లలో తెలుగు ముక్కలను కూర్చి, వాటిని పక్కపక్కన అతికించి చూపిస్తుంది. ఆ ఫాంటు లేనిచోట తెరిస్తే పేజీ నిండా అర్థంలేని గుర్తులే మిగులుతాయి. యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలు విడిగా కేటాయించారు కనుక అందులో రాసింది ఎక్కడ తెరిచినా తెలుగుగానే ఉంటుంది.

చేతి అలవాటు గురించి నాన్నగారికి ధైర్యం చెప్పండి. లినక్స్‌లో ఐబస్ అనే టైపింగు ఏర్పాటుకు ఎం17ఎన్ అనే అమరికల సంపుటిని జోడిస్తే, తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన అమరికలతోపాటు ఆపిల్ అమరిక కూడా దొరుకుతుంది. ఒత్తుల దగ్గర కొన్నాళ్లు తడబాటు ఉండవచ్చు గాని కొత్తగా నేర్చుకున్నట్లు మాత్రం ఉండదు.

పాత వ్యాసాలను విండోస్ ఉండగానే మార్చుకోవాలి. పేజ్‌మేకర్ నుంచి పాఠాన్ని కాపీ చేసి, అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టరులో వేసి, వచ్చినదాన్ని లినక్స్‌లోనూ తెరుచుకునే లిబ్రెఆఫీస్ ఫైలుగా దాచండి. మూలాన్ని పీడీఎఫ్‌గా కూడా తీసి ఉంచితే పోల్చుకోవడానికి పనికివస్తుంది. కన్వర్టరు అక్కడక్కడ పొరబడుతుంది కనుక ప్రతి వ్యాసాన్నీ ఒకసారి చదవక తప్పదు. తెలుగు మేస్టారికి దిద్దడం కొత్తేమీ కాదు కదా.

కాకినాడ ల్యాబు:
ఈ సంగతి నాకు తట్టలేదు, ఒప్పుకుంటున్నాను. అందుచేత ఎస్‌ఎస్‌డీ కొనడం తరువాతి మాట. ముందు విండోస్‌లో రూఫస్ అనే ప్రోగ్రాముతో మింట్‌ను ఒక పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దాని నుంచే ల్యాప్‌టాప్‌ను నడిపి చూడండి. "ఇన్‌స్టాల్" నొక్కనంతవరకు లోపలి డిస్కు జోలికి అది వెళ్లదు. వైఫై, కెమెరా, ప్రింటరు, కొబ్బరి లెక్కల ఫైలు, చివరగా నాన్నగారి చేత ఆపిల్ అమరికలో ఒక పేరా, ఇవన్నీ అక్కడే పరీక్షించండి. ప్రింటరును మరచిపోవద్దు, లేజర్ ప్రింటర్లలో కొన్నింటికి లినక్స్ డ్రైవరు దొరకడం కష్టం. ఆపివేయగానే పెన్‌డ్రైవులో చేసిన మార్పులు పోతాయి కనుక ఆ పేరాను ఫోనుకు పంపుకోండి.

కోనసీమవాసి:
అందరికీ కృతజ్ఞతలు. నాన్నగారు లాకుల మీద రాసిన వ్యాసాన్ని నిన్న రాత్రి కన్వర్టరులో వేశారట. ఒత్తులు కొన్ని తారుమారయ్యాయని, కాగితం మీద అచ్చు తీయించుకుని ఎర్ర పెన్నుతో దిద్దుతున్నారని అమ్మ చెప్పింది. పెన్‌డ్రైవు తీసుకుని దసరాకు వెళుతున్నాను.