వంకర పాదాల పిల్లల సంస్థకు విరాళం: ఏం చూసి ఇవ్వాలి?

మా పదో తరగతి బ్యాచ్ రీయూనియన్ డబ్బుల్లో 60 వేలు మిగిలాయి. పుట్టుకతో పాదాలు లోపలికి తిరిగిన పిల్లలకు ఉచితంగా కట్లు వేయించే సంస్థకు ఇద్దామనుకున్నాం. అడిగితే రిపోర్టు పంపారు, నిండా ఫోటోలే. ‘ఆఫీసు ఖర్చు ఎంతో చూడు, ఎక్కువైతే వద్దు’ అంటాడు మావాడొకడు. నాకది చాలదనిపిస్తోంది. రేపు సంస్థ లేకపోయినా పని సాగుతుందా, ఇంట్లోవాళ్లకు వీలుగా ఉందా అన్నవి ఎలా తెలుసుకోవాలి?

బాబు వాళ్లమ్మ: మావాడికి ఇప్పుడు ఆరేళ్లండి. పదకొండో రోజున మొదటి సిమెంటు కట్టు వేశారు. వారం వారం మార్చాలి, ఆరు పడ్డాయి. తర్వాత మడమ వెనక చిన్న గాటు, మూడు వారాల కట్టు. అది విప్పగానే పాదం చక్కగా కనిపిస్తుంది, ఫోటోలు అప్పుడే తీస్తారు. మా కష్టం అక్కడే మొదలైంది. కడ్డీకి బిగించిన బూట్లు మూడు నెలలపాటు రోజుకి 23 గంటలు, ఆ తర్వాత నాలుగైదేళ్లు నిద్రలో వెయ్యాలి. రాత్రి కడ్డీ మంచం కోడుకి టక్కున తగిలేది, వాడూ లేచేవాడు, నేనూ లేచేదాన్ని. నేను పుట్టింటికెళ్లినప్పుడు మా అత్తగారు ‘పసివాడికి సంకెళ్లేంటే’ అని ఫోన్లో ఒకటే గోల. ఆమె పోరు పడలేక మానేశాం. పాదం మళ్లీ తిరిగింది, మళ్లీ కట్లు. మాకు చూసిన సంస్థవాళ్లు అత్తగారితో ఒక్క ముక్క మాట్లాడలేదు. క్లినిక్ సోమవారమే, మా ఆయనకి ఆ రోజు కూలి పోయేది. మీరు మాత్రం నాలుగో ఏట ఎంతమంది ఇంకా బూట్లు వేసుకుంటున్నారో అడగండి. కాలు పెరిగితే కొత్త జత ఇస్తారా అనీ అడగండి.

ఫిజియో: ఆవిడ చెప్పింది నిజం. పాదం మళ్లీ తిరగడానికి ముఖ్య కారణం బూట్లు మానెయ్యడమే. ఈ కట్లు, బూట్ల వైద్యం అమెరికాలో అయోవా డాక్టర్ పొన్సెటి పద్ధతి. పెద్ద ఆపరేషన్ అక్కర్లేదు, చెయ్యి తిరిగినవాళ్లుంటే గవర్నమెంట్ ఆస్పత్రిలోనే అయిపోతుంది. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013లో మొదలైన ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే జాబితాలోనూ ఈ సమస్య ఉంది. కాబట్టి వాళ్లు సొంత క్లినిక్ నడుపుతున్నారా, జిల్లా ఆస్పత్రి సిబ్బందికి పని నేర్పుతున్నారా కనుక్కోండి. నేనైతే రెండో రకానికే ఇస్తాను.

అడిగినవాణ్ణే: ఫోన్ చేశాను. కట్లు జిల్లా ఆస్పత్రి డాక్టర్లే వేస్తారట. నాలుగో ఏటి లెక్క అడిగితే కాస్త నసిగి, ‘బూట్లు మానకుండా ఇళ్లకి ఫోన్లు చెయ్యడానికి ఒకామె ఉందండి’ అన్నారు. ఆమె జీతం రాసింది ఆఫీసు ఖర్చులోనేనట! మావాడికి చెప్పాను, ఇంకా రిప్లై లేదు.