సిస్‌ప్లాటిన్ వారంవారమా, మూడు వారాలకొకసారా? వినికిడి గురించి సలహా కావాలి

నమస్కారం. మా నాన్నగారికి 58 ఏళ్లు, పిల్లలకు వీణ నేర్పుతారు. స్వరపేటిక క్యాన్సర్ మూడో దశలో ఉందని తేలడంతో, రేడియేషన్‌తో పాటు సిస్‌ప్లాటిన్ అనే కీమోథెరపీ మందు ఇవ్వాలని వైద్యులు నిర్ణయించారు. ఈ మందు కణాల్లోని డీఎన్‌ఏ పోగులకు అతుక్కుని, అవి విడివడి నకళ్లు తయారు కాకుండా అడ్డుకుంటుందనీ, అలా దెబ్బతిన్న క్యాన్సర్ కణాల మీద రేడియేషన్ మరింత బలంగా పనిచేస్తుందనీ వివరించారు. మందు అవసరమన్న విషయంలో మాకు సందేహం లేదు.

మూత్రపిండాలకు హాని కలగకుండా సెలైన్, మెగ్నీషియం ఎక్కిస్తామన్నారు. మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్ రక్తపరీక్ష కూడా బాగానే ఉంది. మా భయమంతా వినికిడి గురించే. ఈ మందు వల్ల లోపలి చెవిలో శబ్దాన్ని గ్రహించే రోమకణాలు నశిస్తే మళ్లీ పుట్టవట, ముందుగా దెబ్బతినేది హెచ్చు శ్రుతి శబ్దాలేనట. తారస్థాయిలో రవ్వంత అపశ్రుతి దొర్లినా పక్క గదిలోంచే పట్టుకునే మనిషి ఆయన.

చదరపు మీటరు శరీర వైశాల్యానికి 100 మిల్లీగ్రాముల చొప్పున మూడు వారాలకొకసారి గానీ, 40 చొప్పున వారంవారం గానీ ఇవ్వవచ్చని చెప్పి, మమ్మల్ని ఆలోచించుకోమన్నారు. ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో మూడు వారాల పద్ధతే వ్యాధిని మెరుగ్గా అదుపు చేసిందనీ, తీవ్ర దుష్ప్రభావాలు కూడా అందులోనే ఎక్కువనీ చదివాను. అయితే అక్కడ వారానికి ఇచ్చినది 30 మిల్లీగ్రాములే కాబట్టి, ఆ ఫలితం 40కి కూడా వర్తిస్తుందా?

ఈ చికిత్స తీసుకున్నవారు, చేసే వైద్యులు దయచేసి చెప్పండి: ప్రతి మోతాదుకు ముందు ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) చేయించమని అడగవచ్చా? వినికిడి తగ్గుతున్నట్టు కనబడితే మధ్యలో ఇదే కోవకు చెందిన కార్బోప్లాటిన్ మందుకు మారినవారు ఎవరైనా ఉన్నారా?