బొలెరో డోర్ బీడింగులు మార్చాలి, మీటరు రబ్బరు వేయించొచ్చా?

పాడేరు బండి:
అందరికీ నమస్కారం. నాది 2007 బొలెరో ఫోర్ వీల్ డ్రైవ్, మా నాన్నగారు కొన్నది, ఇంజనుకి ఏ లోటూ లేదు గానీ డోర్ బీడింగులు, అదే డోరు అంచు చుట్టూ ఉండే రబ్బర్లు, అన్నీ పోయాయి. డ్రైవర్ డోరుది గట్టిపడిపోయి గోరు పెడితే చిట్లుతోంది, కింద మూల దగ్గర జానెడు ముక్క ఊడి వేలాడుతోంది. వానల్లో ఘాట్ ఎక్కితే కాళ్ల కింద మ్యాట్ ముద్దయిపోతోంది, ఎండాకాలం అయితే వెనక సీటు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత దుమ్ము. ఇక్కడ షెడ్డులో అడిగితే మీటరు లెక్కన దొరికే రబ్బరు వేసేస్తా ఒక్క పూట పని అన్నాడు, కానీ పోయినేడు వెనక డోరుకి అలాగే వేయిస్తే ఇద్దరం తోస్తే గానీ డోరు పడట్లేదు, పైగా దుమ్ము ఏమీ తగ్గలేదు. ఒరిజినలే కొనాలా? ఇంటి దగ్గర నేనే వేసుకోగలనా?

ఆటోనగర్ తమ్ముడు:
మీటరు రబ్బరు తప్పేం కాదు అన్నా, సైజు తప్పు. పాతది రెండంగుళాలు కోసి జేబులో పెట్టుకుని షాపుకి వెళ్లండి, మా బెజవాడ ఆటోనగర్‌లో అయితే ముక్క పక్కన ముక్క పెట్టి చూపిస్తారు. రెండు చూడాలి, ఒకటి రేకుని పట్టుకునే గాడి, లోపల ఇనప క్లిప్పు ఉండాలి, రెండోది పైన బోలుగా ఉండే గొట్టం లావు. గొట్టం లావైతే మీ వెనక డోరు కథే అవుతుంది. దొరికితే ఒరిజినలే మేలు, మూలల దగ్గర బాగా కూర్చుంటుంది.

ఇంట్లోనే వేసుకోవచ్చు. పాతది పీకాక రేకు అంచు తుప్పు పట్టి ఉంటుంది, గీకి రెడ్ ఆక్సైడ్ కొట్టి పెయింట్ వేసి బాగా ఆరనివ్వండి, ఇది వదిలేస్తే మిగతాదంతా దండగ. పై మూలల నుంచి మొదలెట్టి చేత్తో నొక్కుకుంటూ రండి, సాగదీయొద్దు, సాగదీస్తే నాలుగు రోజుల్లో వెనక్కి లాక్కుని మూల దగ్గర తేలిపోతుంది. అతుకు కింద రావాలి, ఒక సెంటీమీటరు ఎక్కువే కోసి కుక్కండి. క్లిప్పు ఉన్నదానికి గమ్ అక్కర్లేదు. ఇంజన్ ఆయిల్ మాత్రం రాయొద్దు, రబ్బరు ఉబ్బిపోద్ది, సిలికాన్ స్ప్రే కొట్టుకోండి.

గేర్‌బాక్స్ కాకా:
అన్నా ముందుగాల రబ్బరు సంగతి పక్కన పెట్టు, వెనక డోరు కబ్జాలు చూడు, గవే డోరు తిరిగే మడతబందులు. స్టెప్నీ మొత్తం ఆ డోరుకే వేలాడుతది గద, ఇన్నేండ్లు గతుకుల రోడ్ల మీద తిరిగినంక పిన్నులు అరిగి డోరు కిందికి జారుతది. సగం తెరిచి హ్యాండిల్ దిక్కు పట్టి పైకి లేపు, టకటక ఆడిందంటే గదే రోగం. అప్పుడు పైమూల సందు ఉంటది, కింద మూల రబ్బరు నలుగుతది, ఎంత ఖరీదైన బీడింగ్ వేసినా గంతే. డోరు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి గుంజు, కొంచెం పట్టుకుని రావాలె. ఊరికే జారి వస్తే అక్కడ్నుంచే దుమ్ము వస్తున్నట్టు.

పాడేరు బండి:
కబ్జా అంటే మాకు స్థలాల కబ్జానే తెలుసు కాకా 😄 పైకి లేపి చూశాను, టకటక కాదు, గంట మోగినట్టే ఉంది.

లక్ష్మి, కాకినాడ:
మ్యాట్ తడికి బీడింగ్ ఒక్కటే కారణం కాకపోవచ్చండి. అద్దం పక్క నుంచి డోరు లోపలికి నీళ్లు దిగడం మామూలే, అవి కింద చిన్న బెజ్జాల్లోంచి పోవాలి. అవి మట్టితో మూసుకుపోతే నీళ్లు నిండి లోపలికి పొర్లుతాయి. మా వారి బండికి నెలకోసారి చీపురు పుల్ల పెట్టి నేనే తీస్తాను.

పాడేరు బండి:
రెండు వారాల తర్వాత రాస్తున్నా. లక్ష్మి గారూ, పుల్ల పెట్టగానే చెంబుడు బురద నీళ్లు కారాయి, మా ఆవిడ అక్కడే నిలబడి చూసింది, ఇక నా పరువు అడక్కండి. వెనక డోరుకి పిన్నులు, బుష్‌లు మార్పించి సన్నం రబ్బరు వేశాం, ఒక్క చేత్తో పడుతోంది. ముందు రెండు డోర్లకి ఒరిజినల్ వేసుకున్నా. డ్రైవర్ డోరు మాత్రం గట్టిగా కొట్టాల్సి వస్తోంది, లాక్ స్ట్రైకర్, అదే డోరు లాక్ వచ్చి పట్టుకునే కొక్కెం, జరపమంటారా?

ఆటోనగర్ తమ్ముడు:
ఇప్పుడే ముట్టుకోకండి అన్నా. కొత్త రబ్బరు అణగాలి, రాత్రిళ్లు డోర్లు గట్టిగా వేసి ఉంచండి. నెల తర్వాత కూడా ఇలాగే ఉంటే ఒక చాక్‌పీసుతో పాత చోటు గీత గీసుకుని అప్పుడు కొంచెం బయటికి జరపండి.